మూసివున్న ఇళ్ల చందా

“నూట పదిహేడు,” అంది మెర్రిన్.

డెస్ టోస్టు మీద వెన్న రాసుకుంటున్నాడు. తలెత్తలేదు.

“పళ్లు తోముకోవడానికి వెళ్లేటప్పుడు నూట నాలుగు. తోముకుని వచ్చేసరికి నూట పదిహేడు. వినపడుతోందా?”

“వినపడుతోంది.”

“మరి మాట్లాడవేం?”

“ఏం మాట్లాడమంటావు? ఉత్తరం పంపింది నేనే. నిన్న సాయంత్రమే చెప్పానుగా.”

“పంపాక చెప్పావు.”

“ముందు చెబితే పంపనిచ్చేదానివా?”

“లేదు.”

“అందుకే పంపాక చెప్పాను.”

బల్ల మీద ఫోను మళ్లీ చిన్నగా మోగింది. ఎవరో ఒకరు చందా మానేసినప్పుడల్లా అది అలా మోగుతుంది. మామూలు రోజుల్లో రెండుసార్లో మూడుసార్లో మోగేది. ఈ పొద్దున మాత్రం మొక్కజొన్న పేలాల్లా మోగుతూనే ఉంది.

“నూట పద్దెనిమిది,” అంది మెర్రిన్. ఫోను తీసి బోర్లా పెట్టింది.

ఫెదర్ కోవ్ అనే ఆ ఊరు ఏ పటంలోనూ ఉండదు. పంతొమ్మిదేళ్ల కిందట డెస్ హాథర్లీ హోబార్ట్‌లోని ఈ ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని, కంప్యూటర్లో కట్టిన రేవు పట్నం అది. నెలకు పద్నాలుగు డాలర్లు కట్టినవాళ్లకు అందులో స్థలం ఇస్తారు. వాళ్లు ఇల్లు కట్టుకుంటారు, పడవ చేయించుకుంటారు, చేపలు పడతారు, పక్కింటివాళ్లతో కబుర్లు చెబుతారు. పక్కింటివాళ్లు నిజానికి బ్రిస్బేన్‌లోనో క్రైస్ట్‌చర్చ్‌లోనో ఉంటారు. ఊరు కట్టింది డెస్. దాన్ని ఇన్నాళ్లు మూతపడకుండా నడిపింది మెర్రిన్.

చందా కట్టేవాళ్లు రెండు వేల ఆరు వందలమంది. అందులో తొమ్మిది వందలమంది ఏడాదికి పైగా ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. మెర్రిన్ ఆరేళ్లుగా రాసుకుంటున్న ఆ జాబితా పోయిన శనివారం, ఆమె కంప్యూటర్లో ఏదో పాత ఫోటో వెతుకుతున్న డెస్ కంటపడింది. సోమవారం ఆ తొమ్మిది వందలమందికీ ఒకే ఉత్తరం వెళ్లింది. ‘మీరు మా ఊరికి వచ్చి ఏడాది దాటింది. మీ డబ్బు మాత్రం మాకు వస్తూనే ఉంది. మరిచిపోయి ఉంటే కింద నొక్కండి, ఆగిపోతుంది’ అని.

“నిద్రపోయేవాళ్లను లేపకూడదు, డెస్. ఈ వ్యాపారంలో నిన్న చేరినవాడికి కూడా తెలిసిన సంగతి అది.”

“వాళ్లకు ఓ పేరు కూడా పెట్టావన్నమాట. నిద్రపోయేవాళ్లు!”

“ఆరేళ్లుగా రేటు ఎందుకు పెంచలేదనుకున్నావు? నీ మంచితనం చూసి మురిసిపోయా? రేటు పెంచితే అందరికీ ఉత్తరం రాయాలి. ఉత్తరం చూస్తే లేస్తారు. లేస్తే పోతారు. మన కరెంటు ఖర్చు రెండింతలైంది. ఊరు నడిచే యంత్రాల అద్దె పెరిగింది. అయినా నోరు మూసుకుని అదే పద్నాలుగు డాలర్లతో లాక్కొచ్చాను. ఎలా లాక్కొచ్చానో ఒక్కసారైనా అడిగావా?”

“అడగలేదు. నువ్వూ చెప్పలేదు. ఆరేళ్లు చెప్పలేదు.”

మెర్రిన్ సింకు వైపు తిరిగింది. కిటికీ బయట కొండ మీద మంచు సగం దాకా దిగి ఉంది.

“రోజూ ఇదే బల్ల దగ్గర తిన్నాం, మెర్రిన్. ఊరు బాగుందా అంటే బాగుందన్నావు. నేను కొత్త దీపస్తంభం కడుతున్నానంటే కట్టమన్నావు. మనకు మిగిలే ప్రతి డాలరూ మరిచిపోయినవాళ్ల జేబులోంచి వస్తోందని తెలిసి కూడా కట్టమన్నావు.”

“కట్టొద్దంటే ఏం చేసేవాడివి?”

అతను వెన్న కత్తి కింద పెట్టాడు.

“నేను చెబుతాను. వారం రోజులు అన్నం మానేసి షెడ్డులో కూర్చునేవాడివి. తరువాత ఇదే ఉత్తరం ఆరేళ్ల ముందు పంపేవాడివి. షివాన్ ఉద్యోగం ఆరేళ్ల ముందే పోయేది.”

“నా గుడ్డు కూడా ఆరేళ్ల ముందే చల్లారిపోయేది,” అంది వెనక నుంచి బెరిల్.

డెస్ తల్లికి ఎనభై నాలుగు. డ్రెస్సింగ్ గౌను మీద కొడుకు పాత స్వెట్టరు తొడుక్కుని, గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ గమనించలేదు.

“అమ్మా, మేం మాట్లాడుకుంటున్నాం.”

“మాట్లాడుకోవడమా ఇది? కింద గదిలో నాకు రేడియో కూడా వినపడడం లేదురా. ఒరే, నువ్వు పెళ్లాన్ని అడగకుండా ఇంటి పునాది తవ్వావు. అమ్మాయ్, నువ్వు మొగుడికి చెప్పకుండా పునాదిలో ఇసుక పోశావు. ఇప్పుడు ఎవరిది పెద్ద తప్పని తేల్చుకోవడానికి టోస్టు మాడ్చుకుంటున్నారు.”

నిజంగానే టోస్టర్‌లోంచి పొగ వస్తోంది. డెస్ లేచి ప్లగ్గు పీకాడు. ఎవరూ నవ్వలేదు.

మెర్రిన్ కోటు తగిలించుకుంది, తాళాలు తీసుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు డెస్.

“ఆఫీసుకి. నువ్వు లేపినవాళ్లకు జవాబులు రాయాలిగా.”

*

ఆఫీసంటే మూనా అనే పేటలో టైల్స్ దుకాణం మీద రెండు గదులు. షివాన్ అప్పటికే వచ్చి హీటరు వేసుకుని కూర్చుంది. తొమ్మిదేళ్లుగా ఫెదర్ కోవ్‌కు వచ్చే ప్రతి ఉత్తరానికీ జవాబు రాసేది ఆమే. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మాట దాచుకునే అలవాటు లేదు.

“మెర్రిన్, ముందు ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకు. నా ఉద్యోగం ఉందా?”

“నెలాఖరు దాకా ఉంది. తరువాత సంగతి నాకే తెలీదు.”

“సరే. తెలిస్తే నాకే ముందు చెప్పు. డెస్‌కు కాదు.” ఆమె కుర్చీ ఇటు తిప్పింది. “ఇప్పుడివి చూడు. నవ్వాలో ఏడవాలో నాకైతే అర్థం కావడం లేదు.”

పెర్త్ నుంచి ఒకాయన ‘దొంగల్లారా, మూడేళ్ల డబ్బు వెనక్కివ్వండి’ అని మొదలుపెట్టి, చివర్లో తన కుక్క పేరు మీద ఒట్టేశాడు. డనీడిన్ నుంచి ఒక టీచరమ్మ ‘ఇలా చెప్పిన కంపెనీని నా జన్మలో చూడలేదు, తిరిగి వచ్చేశాను, నా పడవ ఎవరు తీశారు?’ అని రాసింది. చాలామంది ఏమీ రాయకుండా నొక్కేసి పోయారు.

“ఈ రెండు రకాలూ నేను ఊహించినవే,” అంది మెర్రిన్.

“మూడో రకం ఉంది. వాటికి ఏం రాయాలో నాకు తోచడం లేదు.” షివాన్ కాగితాల కట్ట అందించింది. “అచ్చు తీశాను. తెర మీద చదవాలనిపించలేదు.”

మెర్రిన్ నిలబడే పై కాగితం చదివింది.

‘నేనేమీ మరిచిపోలేదు. ఆ కోట మా వాడు పదమూడో ఏట కట్టాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరు. మాతో మాటల్లేవు. చందా నా కార్డు నుంచే పోతుంది, పోనివ్వండి. కోట జోలికి రాకండి.’

రెండోది చదివింది. మూడోది కుర్చీ లాక్కుని కూర్చుని చదివింది. దాని మీద అల్వర్‌స్టన్ అని ఉంది. అంటే హోబార్ట్ ఉన్న ఈ దీవికే ఉత్తరపు ఒడ్డు.

‘అయ్యా, మీరు రాసింది మా ఆయన మర్విన్ ప్రిడ్డీకి. ఆయన పోయి రెండేళ్ల నాలుగు నెలలైంది. చందా నేను కడుతున్నాను. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు, ఎలా వెళ్లాలో నాకు తెలియదు. కట్టడం మానేస్తే ముప్పై రోజుల్లో ఇల్లు తీసేస్తారని ఆయన ఒకసారి అన్నారు. రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆయన ఆ ఇంట్లో ఉండేవారు. నేను పక్క గదిలో టీవీ చూసేదాన్ని. అక్కడ ఏం చేస్తున్నారని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా పింఛను ఆ పద్నాలుగుకు సరిపోవడం లేదు. మీకు కుదిరితే, ఆపేసే ముందు ఒక్కసారి ఆ ఇల్లు నాకు చూపిస్తారా? నోలా ప్రిడ్డీ.’

మెర్రిన్ ఆ కాగితాన్ని విడిగా బల్ల మీద పెట్టింది.

“ఇలాంటివి ఎన్ని వచ్చాయి?” అంది మెర్రిన్.

“ఇప్పటికి ఎనభై ఏడు.”

ఆరేళ్లుగా మెర్రిన్ వాళ్లకు పెట్టుకున్న పేరు ఒకటే, నిద్రపోయేవాళ్లు. ఆ పేరుతో ఒక వరుస, ఆ వరుస కింద ఒక మొత్తం. వాళ్లలో మరిచిపోయినవాళ్లు ఉంటారనుకుంది, బద్ధకస్తులు ఉంటారనుకుంది. కళ్లు తెరుచుకుని, ఏం చేస్తున్నారో తెలిసి, ప్రతి నెలా కట్టేవాళ్లు ఉంటారని ఆమెకు తట్టలేదు.

ఆమె ఫోను తీసి ఆ ఉత్తరం కింద ఉన్న అంకెలు నొక్కింది.

“హలో?” అంది పెద్దావిడ గొంతు. “సోలార్ పలకలు అమ్మడానికైతే నాకు వద్దు నాయనా, రెండుసార్లు చెప్పాను.”

“పలకలు కాదు, మిసెస్ ప్రిడ్డీ. నేను మెర్రిన్ హాథర్లీని. ఫెదర్ కోవ్ నుంచి.”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

“తీసేశారా?” అంది ఆవిడ.

“లేదు, లేదు. ఇల్లు అలాగే ఉంది.”

“అమ్మయ్య!” కుర్చీ కిర్రుమన్న చప్పుడు. “కంగారుపెట్టేశావు తల్లీ. ఉత్తరం రాశాక రాత్రంతా నిద్ర లేదు. పింఛను సంగతి ఎందుకు రాశానా అనుకున్నాను. పరాయివాళ్ల దగ్గర అదేం మాటని.”

“ఇల్లు చూస్తానన్నారు కదా. ఎలా వెళ్లాలో ఫోనులో చెప్పనా?”

“నా వల్ల కాదు. మా మనవరాలు టీవీ రిమోటు గురించి నాలుగుసార్లు చెప్పింది, ఇప్పటికీ ఒకే ఛానెల్ చూస్తున్నాను. నేనే వస్తాను. హోబార్ట్ ఎంత దూరం? లాన్సెస్టన్‌లో బస్సు మారితే సరి.”

“అంత దూరం మీరు రావడం ఎందుకు, నేనే—”

“రానీ అమ్మా. రెండేళ్లుగా ఎక్కడికీ వెళ్లలేదు. గురువారం కుదురుతుందా?”

*

డెస్ ఎక్కడ ఉంటాడో మెర్రిన్‌కు తెలుసు. మనసు బాగాలేనప్పుడు రేవుకు వెళ్లి, చేపల పడవలు కనపడే బల్ల మీద కూర్చుని, ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన ‘స్కాలప్ పై’ తింటాడు. పూర్తిగా తినడు కూడా. సగం సీగల్ పక్షులకు పోతుంది.

అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది.

“ఎంత?” అన్నాడు.

“రెండు వందల ముప్పై.”

అతను తల ఊపాడు. “అంటే మూసేయాల్సిందే.”

“నువ్వు నన్ను ఒక్క మాటైనా అననిస్తావా?”

“అను.”

ఆమె బ్యాగులోంచి కాగితాల కట్ట తీసి అతని ఒళ్లో పెట్టింది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. నోలా ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఒక సీగల్ వచ్చి పక్కన పెట్టిన స్కాలప్ పై అంచు పీక్కుపోయింది, అతను చూడలేదు.

“ఆరేళ్లు నీకు చెప్పకపోవడం తప్పు,” అంది మెర్రిన్, పడవల వైపు చూస్తూ. “దానికి క్షమించు. రేటు పెంచకపోవడానికి మాత్రం క్షమాపణ అడగను. అది నీ ఊరు బతకడానికే.”

“సరే.”

“ఇప్పుడు నువ్వు.”

“నేనా?”

“అవును, నువ్వే. షివాన్ ఈ పొద్దున నా మొహం మీదే అడిగింది, ఉద్యోగం ఉందా అని. ఉత్తరం పంపే ముందు ఆ పిల్ల గుర్తొచ్చిందా నీకు?”

అతను చాలాసేపు కాగితాల అంచులు సరిచేశాడు.

“రాలేదు,” అన్నాడు. “శుభ్రంగా ఉండాలనుకున్నాను. అంతే. నేను శుభ్రంగా ఉంటే ఎవరికేమవుతుందో ఆలోచించలేదు.”

అది చాలనుకుంది మెర్రిన్. బల్ల మీద కాస్త ఇటు జరిగింది.

“ఒకటి చెప్పు. ఎవరూ అడుగు పెట్టని ఇల్లు మన యంత్రాల మీద ఎంత బరువు?”

“ఎవరూ రాకపోతేనా? దాదాపు ఏమీ లేదు. డిస్కులో ఓ మూల పడి ఉంటుంది. బరువంతా మనుషులు తిరిగినప్పుడే. బజారు చౌకులో రెండొందలమంది చేరి నాట్యాలాడితే, అదీ బరువు.”

“మరి నాట్యం ఆడేవాడి దగ్గరా పద్నాలుగే, నోలా దగ్గరా పద్నాలుగే ఎందుకు తీసుకుంటున్నాం?”

“ఒకే ఊరు, ఒకే రేటు అని మొదట్లో అనుకున్నాం. నువ్వూ నేనూ కలిసే అనుకున్నాం.”

“అప్పుడు మనకు ముప్పై రెండేళ్లు, డెస్. ఎవరూ చచ్చిపోరని అనుకునే వయసు.”

అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

“ఇల్లు నిలిపి ఉంచడానికి మాత్రమే అయితే మూడు డాలర్లు,” అంది ఆమె. “లోపల తిరగకపోయినా ఎవరూ కూల్చరు. ఎప్పుడైనా వచ్చి చూసి పోవచ్చు. రోజూ ఉండేవాళ్లకు పద్దెనిమిది.”

“పద్దెనిమిదా! గొడవ చేస్తారు.”

“చేయనీ. ఆరేళ్లుగా నేను భయపడింది దేనికి? నిద్రపోయేవాళ్లు లేస్తారని. అందరినీ నువ్వు లేపి కూర్చోబెట్టావుగా! ఇక రేటు పెంచుతూ ఉత్తరం రాయడానికి భయం దేనికి? రోజూ వచ్చేవాళ్లు ఆ ఊరంటే ప్రాణం పెట్టేవాళ్లు. వాళ్లకు నిజం చెబుదాం. ఇంత ఖర్చవుతోంది, ఇంత మిగలడం లేదు, ఇదీ సంగతి అని.”

డెస్ ముఖంలో ఏదో కదిలింది. అంతలోనే మబ్బు పట్టింది.

“చనిపోయినవాళ్ల ఇళ్లకు మూడు డాలర్లు తీసుకోవాలా? ఊరికే ఉంచలేమా?”

“ఊరికే ఉంచితే, మనం మూసేసిన రోజున ఆ ఇళ్లూ పోతాయి. వాళ్ల ఇల్లు నిలబడాలంటే ఊరు నిలబడాలి. నోలాకు అది మనకన్నా బాగా తెలుసు. తెలిసే కట్టింది.”

“నాకు నచ్చడం లేదు.”

“నచ్చమనలేదు. ఆలోచించమన్నాను.”

“యంత్రాల ఒప్పందం మళ్లీ రాసుకోవడానికి ఎన్నాళ్లుంది?”

“పన్నెండు రోజులు.”

అతను మిగిలిన స్కాలప్ పై సీగల్‌ల వైపు విసిరాడు. అవి ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఎగిరాయి.

“గురువారం ఆవిడ రానీ,” అన్నాడు. “అప్పుడు చెబుతాను.”

ఇంటికి ఒకే కారులో వెళ్లారు. చౌరస్తా దగ్గర ఎర్రదీపం పడితే డెస్ హీటరు గాలి ఆమె కాళ్ల వైపు తిప్పాడు.

*

గురువారం పదకొండింటికి బెరిల్ కూడా ఆఫీసుకు వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగితే, ఊరికే అంది. నోలా ప్రిడ్డీ మెట్లెక్కి వచ్చేసరికి ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు పైనుంచి కిందిదాకా చూసుకున్నారు.

“బస్సులో హీటరు పనిచేసిందా?” అంది బెరిల్.

“ఎక్కడ? డ్రైవరు దగ్గర మాత్రం భేషుగ్గా పనిచేసింది.”

అక్కడితో వాళ్లకు స్నేహమైపోయింది. నోలా చేతిసంచిలోంచి రేకు డబ్బా తీసింది. అందులో చాక్లెట్ బిస్కెట్ ముక్కలు, మధ్యమధ్య మైనపు కాగితం వేసి సర్ది ఉన్నాయి. “ఖాళీ చేతుల్తో రావడం అలవాటు లేదు,” అంది ఎవరూ అడగకుండానే.

డెస్ ఆమెను లోపలి గదిలో పెద్ద తెర ముందు కూర్చోబెట్టాడు. ఒకరి ఖాతా ఇంకొకరికి తెరవకూడదనేది అతను పెట్టిన నియమమే. దాని గురించి ఏమీ అనకుండా మర్విన్ ప్రిడ్డీ ఖాతా తెరిచాడు.

మెర్రిన్ గోడకు ఆనుకుని నిలబడింది. ఆ ఊళ్లో ఆమె అడుగు పెట్టి పదకొండేళ్లు. అంకెల్లో రోజూ చూసేది. వీధులు, నీళ్లు, నీళ్ల మీద వెలుగు, ఇవన్నీ మరిచిపోయింది.

“ఈ నీలం కోటు మనిషి మీ ఆయనే,” అన్నాడు డెస్. “అంటే, ఇక్కడ ఆయన వేషం.”

“ఎంత జుట్టో చూడు!” అంది నోలా. “నలభై ఏళ్లకే బోడిగుండు ఆయనది. వెధవ!”

నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. డెస్ తెర మీది మనిషిని నెమ్మదిగా నడిపించాడు. రేవు దాటి, వలలు ఆరేసిన గోడ పక్క నుంచి, చిన్న ఎత్తు మీదికి. అక్కడ తెల్ల రంగు చెక్క ఇల్లు ఉంది. దానికి పసుపు పచ్చ తలుపు.

నోలా ముందుకు వంగింది.

“వంటింటి కిటికీ ఎటుంది?” అంది.

“సముద్రం వైపు.”

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

“మా ఇంట్లో వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్ల కంచె కనపడుతుంది. నలభై ఒక్క ఏళ్లు ఆ కంచె చూస్తూ అంట్లు తోమాను. గోడ పగలగొట్టి అటువైపు కిటికీ పెట్టించండని పెళ్లైన కొత్తలో అడిగాను. డబ్బు లేదన్నారు. మళ్లీ అడగలేదు. ఆయన మరిచిపోయారనుకున్నాను.”

డెస్ తెర వైపే చూస్తున్నాడు.

“మూడు డాలర్లకు ఇది ఉంచుతామంటే ఉంచుకుంటారా, నోలా?” అన్నాడు. “కూల్చం. ఎప్పటికీ.”

“మూడా? మూడైతే కాఫీ మానేస్తే సరి. ఊరికే ఇస్తామంటే మాత్రం నాకొద్దు. డబ్బు కడితేనే నాదని అడగగలను.”

డెస్ వెనక్కి తిరిగి భార్యను చూశాడు. మూడుకు సరేనన్నట్టు తల ఊపాడు.

“లోపలికి వెళ్దామా?” అన్నాడు.

“వెళ్దాం. అయ్యో, చిమ్నీలోంచి పొగ వస్తోందే! ఎంత బాగుంది!”

డెస్ చేతి వేళ్లు ఆగిపోయాయి.

“పొగ రాకూడదు,” అన్నాడు నెమ్మదిగా. “లోపల ఎవరైనా పొయ్యి వెలిగిస్తేనే పొగ వస్తుంది.”

“రెండేళ్లుగా మూసివున్న ఇల్లు కదా అది,” అంది మెర్రిన్.

“ఆయన ఖాతాను ఎవరూ తెరవలేదు. తలుపు తాళంచెవి ఎవరికైనా ఇచ్చి ఉంటే మాత్రం...” అతను మాట పూర్తి చేయకుండా తలుపు తోశాడు.

పొయ్యిలో మంట ఉంది. కిటికీ గూట్లో కుండీల్లో మొక్కలు ఉన్నాయి. రోజూ నీళ్లు పోయకపోతే ఈ ఊళ్లో మొక్కలు వారంలో ఎండిపోతాయి. ఇవి పచ్చగా, పూలతో ఉన్నాయి. నేల ఊడ్చి ఉంది. పొయ్యి పక్కన కుర్చీలో బూడిద రంగు శాలువా కప్పుకున్న మనిషి కూర్చుని ఉంది. తలుపు తెరుచుకోగానే లేచి నిలబడింది.

తరువాత తెర కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

‘మర్విన్ కాదని తెలుసు. ఆయన ఆఖరి వారం నాతో చెప్పే వెళ్లారు. మీరు నోలానా?’

గుమ్మం దగ్గర బెరిల్ చేతిలో బిస్కెట్ ముక్క సగం కొరికి ఉంది.

“ఎవరది?” అంది నోలా.

“పేరు దాచుకునే హక్కు ఇక్కడ అందరికీ ఉంది,” అన్నాడు డెస్. “అడిగితే చెప్పొచ్చు. చెప్పకపోవచ్చు.”

మళ్లీ అక్షరాలు పడ్డాయి.

‘మీకు ఇమ్మని ఒకటి నా దగ్గర ఉంచారు. మీ అంతట మీరు ఈ తలుపు తీసుకుని వస్తేనే ఇమ్మన్నారు. రెండేళ్లుగా మొక్కలకు నీళ్లు పోస్తూ చూస్తున్నాను.’

నోలా కళ్లద్దాలు తీసి, స్వెట్టరు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

“దీనిమీద టైపు చేయడం నాకు వచ్చు,” అంది కీబోర్డు దగ్గరకు లాక్కుంటూ. “పాల సహకార సంఘంలో పదహారేళ్లు చేశాను. మీరంతా కాసేపు బయటికి వెళ్తారా?”

డెస్ లేచి కుర్చీ ఆమెకు దగ్గరగా జరిపాడు. మెర్రిన్ అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. ముగ్గురూ బయటి గదిలోకి వచ్చారు. తలుపు వేసింది మెర్రిన్.

షివాన్ తలెత్తి ఏమైందన్నట్టు చూసింది.

లోపల టకటకమని మీటల చప్పుడు మొదలైంది. మొదట తడుముకుంటూ, తరువాత వేగంగా, పాత అలవాటు గుర్తొచ్చిన చేతుల్లా. డెస్ చెయ్యి మెర్రిన్ చేతిని వెతుక్కుంది. ఆమె విడిపించుకోలేదు.

చప్పుడు ఆగింది. ఒక నిమిషం ఆగింది. రెండు నిమిషాలు.

“మెర్రిన్!” అని పిలిచింది నోలా తలుపు అవతలి నుంచి. ఆ గొంతులో ఉన్నది ఏడుపో సంతోషమో తెలియలేదు. “ఒక్కసారి రా తల్లీ. నువ్వొక్కదానివే రా. ఆయన ఉంచి వెళ్లింది నాకు మాత్రమే కాదట, నీకు కూడానట.”